నాతో పాటే పుట్టిన సీసా: 28 ఏళ్ళ బోర్డో రెడ్ వైన్ రుచి

 

ఈరోజు ఎపిసోడ్ వైన్ గురించి. మొదలుపెట్టేముందు రెండు మాటలు. ఒకటి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందుకి చట్టం ఒప్పుకునే వయసు 21. అది నిండని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు హాయిగా వినండి, నాలుక గురించీ ముక్కు గురించీ బోలెడు విషయాలున్నాయి. గ్లాసు జోలికి మాత్రం పోకండి. రెండు, రెడ్ వైన్ గుండెకి మంచిదని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూసి ఎవరూ కొత్తగా మొదలుపెట్టకండి. ఇంతవరకూ తాగితే ప్రమాదం లేదు అని గీత గీసి చెప్పడం కుదరదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పేసింది. తాగని వాళ్ళు అలాగే ఉండండి. ఇవాళ్టి అసలు విషయం అర్థం కావడానికి ఒక కప్పు డికాషన్ టీ చాలు. ఎందుకో మధ్యలో చెప్తా.

సరే, కథలోకి వెళ్దాం.

2024 అక్టోబర్‌లో నేను ఫ్రాన్స్ వెళ్ళాను. నా ఫ్రెండ్ ఒకడు బోర్డోలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోయాడు. చదువుకునే రోజుల్లో వాడు ఒక ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాడు. ఆ ఇంటావిడకి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాడు ‘మదామ్’ అని పిలుస్తాడు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ భర్త ముప్పై ఏళ్ళకి పైగా ఒక ద్రాక్ష తోటలో పనిచేశారు. తోట ఆయనది కాదు. చలికాలంలో తీగలు కత్తిరించడం, కోతలప్పుడు బుట్టలు మోయడం, పీపాలు కడగడం, అదీ ఆయన పని. నేను వెళ్ళడానికి మూడేళ్ళ ముందు ఆయన పోయారు. ఆయన వైన్ సీసాలు మూడు ఇంట్లో మిగిలాయి. మూడూ 1996వి.

నేను పుట్టింది 1996లో. ఈ సంగతి మావాడు మాటల్లో చెప్పేశాడు. ఆవిడ వెంటనే, “అయితే ఆదివారం భోజనానికి రండి, ఒకటి తెరుద్దాం” అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ సీసాలో ఏముందో చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మ్యాప్ తెరిచి చూడండి. ఫ్రాన్స్‌కి నైరుతి మూల, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో బోర్డో నగరం ఉంటుంది. దాన్ని ఆనుకుని గారోన్ నది పారుతుంది. నగరం దాటాక కాస్త ఉత్తరాన గారోన్, దోర్దోన్ రెండూ కలిసి జిరోండ్ అవుతాయి. అదంతా సముద్రపు పోటు వచ్చి పోయే వెడల్పాటి నీళ్ళు. దాని ఎడమ గట్టు పొడుగునా ఉన్న నేలని మెడాక్ అంటారు. ఒకప్పుడు అక్కడ చాలాభాగం చిత్తడి నేల. 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్లు కాలవలు తవ్వి నీళ్ళు బయటికి పంపారు. కింద గులకరాళ్ళ దిబ్బలు తేలాయి. ఆ రాళ్ళే మెడాక్‌కి అదృష్టం. వాన నీళ్ళు నిలవవు, పగటి వేడిని రాళ్ళు పట్టి ఉంచుతాయి.

మెడాక్‌లో పేరున్న ఊళ్ళు మార్గో, సాన్-జులియాఁ, పొయాక్, సాంతెస్తెఫ్. మన సీసా సాంతెస్తెఫ్‌ది. షాటో పేరు చెప్పను. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం తయారుచేసిన పెద్ద పెద్ద షాటోల లిస్టు ఒకటుంది, దాంట్లో ఇది లేదు. అక్కడి మామూలు మనుషులు పండక్కి కొనుక్కునే రకం.

ఇప్పుడు బ్లెండ్ సంగతి. బోర్డో రెడ్ వైన్ దాదాపు ఎప్పుడూ ఒకే ద్రాక్షతో చెయ్యరు. ప్రధానంగా రెండు: కాబెర్నే సొవిన్యోన్, మెర్లో. వాటికి తోడు కొంచెం కాబెర్నే ఫ్రాంక్, చిటికెడు పెతీ వెర్డో లాంటివి. ఎందుకు కలుపుతారు? రుచి కోసమే అనుకుంటాం. రుచి ఒక కారణం. దానికంటే ముందు వాతావరణం భయం ఉంది.

మెర్లో ముందు చిగురేస్తుంది, ముందు పండుతుంది. ఏప్రిల్‌లో రాత్రిపూట మంచు పడితే ఆ లేత చిగురు మాడిపోతుంది. కాబెర్నే లేటుగా చిగురేసి లేటుగా పండుతుంది. సెప్టెంబర్ చివర్లో వానలు పట్టుకుంటే అది సరిగా పండకుండానే కొయ్యాల్సి వస్తుంది. అందుకని రైతు రెండూ వేసుకుంటాడు. ఒకటి పోయినా ఇంకోటి నిలబెడుతుంది. మన దగ్గర పత్తి సాళ్ళ మధ్య కంది వేస్తారు చూడండి, అదే తెలివి.

కోత అయ్యాక ఏ ద్రాక్షకి ఆ ద్రాక్ష, చాలాచోట్ల ఏ మడికి ఆ మడి, విడివిడిగా పులియబెడతారు. తర్వాత చలికాలంలోనో, వసంతం మొదట్లోనో కూర్చుని రుచి చూసి, ఇది ఇంత, అది అంత అని లెక్క తేల్చి కలుపుతారు. దీన్ని అసాంబ్లాజ్ అంటారు. ఆ వైన్ ఓక్ చెక్క పీపాల్లో ఏడాదో, ఏడాదిన్నరో ఉంటుంది. ఒక్కో పీపా 225 లీటర్లు, అంటే సరిగ్గా 300 సీసాలు. ఇంత చేసి, సాధారణంగా లేబుల్ ముందువైపు ద్రాక్ష పేరే వెయ్యరు. షాటో పేరు, ఊరి పేరు, సంవత్సరం, అంతే. వాళ్ళ దృష్టిలో ఆ నేల, ఆ ఏడాది ముఖ్యం.

ఆ సంవత్సరం ఎందుకంత ముఖ్యం? 1996లో మెడాక్‌లో కాబెర్నే బాగా పండింది. అది కాబెర్నే ఏడాది అని ఇప్పటికీ చెప్పుకుంటారు. మెర్లో ఎక్కువ ఉండే కుడి గట్టుకి అంత కలిసిరాలేదు. మా ఇంట్లో 1996 అంటే తుపాను. మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమ. నవంబర్ 6 రాత్రి తుపానుకి వాళ్ళ కొబ్బరి చెట్లు వరసగా పడిపోయాయి. నేను పుట్టిన ఏడాది ఏదని అడిగితే అమ్మమ్మ అంకె చెప్పదు. “తుపాను ఏడాది పుట్టాడు” అంటుంది. సీసా మీద సంవత్సరం వెయ్యడం కూడా నాకు అలాగే అనిపించింది. ఆ ఏడు ఎండ ఎలా కాసింది, వాన ఎప్పుడు కురిసింది, ఆ జ్ఞాపకం లోపల ఉందని చెప్పడం.

సరే, ఆదివారం.

ఆవిడ రెండు రోజుల ముందే రెండు సీసాలు నిలబెట్టి ఉంచారు. ఒకటి తెరుద్దామన్నారు, రెండు ఎందుకు తీశారా అనుకున్నా. “పాత సీసాల్ని నమ్మలేం” అన్నారు. పాత రెడ్ వైన్‌లో అడుగున మడ్డి ఉంటుంది. పడుకోబెట్టి ఉంచిన సీసాని ముందుగా నిలబెడితే మడ్డంతా కిందకి దిగుతుంది.

మొదటి సీసా తెరిచారు. మూత సాఫీగా వచ్చింది. గ్లాసులో కొంచెం పోసి వాసన చూశారు. ఏమీ అనలేదు. గ్లాసు నా చేతికిచ్చారు. వానలో తడిసిన అట్టపెట్టె వాసన. ముసురు రోజుల్లో ఆరని గోనెసంచి వాసన. పండు వాసన అసలు లేదు.

దీన్ని కార్క్ తెగులు అనుకోవచ్చు. సీసా మూత ఓక్ జాతి చెట్టు బెరడుతో చేస్తారు. ఆ బెరడులో ఒక్కోసారి ట్రైక్లోరో అనిసోల్ అనే పదార్థం ఉంటుంది, అందరూ టీసీఏ అంటారు. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా చాలు, ముక్కు పట్టేస్తుంది. తాగితే ప్రమాదం ఏమీ లేదు, కానీ వైన్ వాసనంతా దాని కింద నలిగిపోతుంది. తెరిచేదాకా బయటికి తెలియదు. 28 ఏళ్ళు దాచినా, మొదటి రోజే తెరిచినా అదే గతి.

ఆవిడ సీసా తీసుకెళ్ళి సింకులో వంచేశారు. నీళ్ళు తిప్పి కడిగేశారు. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. చనిపోయిన మనిషి తాలూకు సీసా, మా కోసం తెరిచి, అలా పోయింది. రెండోది తెరవొద్దని చెబుదామనుకున్నా. ఫ్రెంచి రాదు. మావాడు చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

రెండోదాని మూత సగంలో విరిగింది. పాత మూత మెత్తబడిపోయి ఉంటుంది. ఇలాంటివాటికి రెండు పలచటి రేకులున్న పనిముట్టు ఒకటుంది, మూతకి అటూ ఇటూ దూర్చి మెల్లిగా తిప్పుతూ లాగాలి. దాంతో మిగతా సగం తీశారు. తర్వాత వైన్‌ని ఒక గాజు కూజాలోకి వంపాలి. సీసా మెడ కింద వెలుగు పెట్టుకుని, సన్నటి ధారగా, ఆపకుండా వంపుతారు. మడ్డి సీసా భుజం దగ్గరికి రాగానే ఆపేస్తారు. ఆవిడ కొవ్వొత్తి కోసం సొరుగులు వెతుకుతుంటే నేను ఫోన్ టార్చ్ వేసి పట్టుకున్నా. ఆవిడ నవ్వారు. ఉదయం నించీ ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

గ్లాసులో మూడో వంతు పోశారు. ముందు రంగు. కొత్త రెడ్ వైన్ నేరేడు పండు రసంలా ఊదాగా ఉంటుంది. ఇది అలా లేదు. గ్లాసు వంచి తెల్ల గుడ్డ మీద పెట్టి చూస్తే మధ్యలో దానిమ్మ ఎరుపు, అంచుల్లో పాత ఇటుక రంగు. అంచు ఎంత వెడల్పుగా ఇటుక రంగుకి తిరిగితే అంత వయసు అని లెక్క.

తర్వాత వాసన. మొదట ఏమీ రాలేదు. కొంచెం పుట్టగొడుగులు, కొంచెం తడి ఆకులు. పది నిమిషాలు ఆగాం. అప్పుడు మెల్లిగా తెరుచుకుంది. ఆవిడ మేనల్లుడు కూడా వచ్చాడు, వైన్ తెలిసిన మనిషి. ఆయన గ్లాసు తిప్పి, “కాసిస్, సేద్ర్, సు-బ్వా” అన్నాడు. నల్ల కరెంట్ పండు, దేవదారు చెక్క, అడవిలో నేల. అందరూ తలలూపారు. తర్వాత నా వైపు తిరిగారు. నీకేం వాసన వచ్చింది అని.

నేను నోరు మెదపలేదు.

నిజం చెప్పాలంటే, నాకు బ్లాక్ కరెంట్ అంటే తెలిసింది ఐస్‌క్రీమ్. ఆ పండు ఎప్పుడూ చూడలేదు. సేద్ర్ చెట్టు ఎరగను. నాకు వచ్చిన వాసన వేరే. స్పష్టంగా వచ్చింది, తడబాటే లేదు. కానీ అది చెప్తే నవ్వుతారేమో అని ఊరుకున్నా. మనలో చాలామందికి ఇది అనుభవమే కదా. ఇంటర్వ్యూలో తెలిసిన జవాబు కూడా, మన మాటల్లో ఉందని, చెప్పకుండా మింగేస్తాం.

ఇక్కడ మీకొక ప్రయోగం గురించి చెప్పాలి. 2001లో అచ్చయింది. అదే బోర్డో యూనివర్సిటీలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి రెండు గ్లాసులు ఇచ్చారు. ఒకటి వైట్ వైన్. రెండోది కూడా అదే వైట్ వైన్, కాకపోతే వాసన లేని ఎర్ర రంగు కలిపారు. ఎర్రగా ఉన్నదానికి వాళ్ళు వాడిన మాటలు ఎక్కువగా రెడ్ వైన్‌కి వాడే మాటలే. ఎర్ర పళ్ళు, నల్ల పళ్ళు, మసాలా దినుసులు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కన్ను ముందే నిర్ణయం తీసుకుంటే ముక్కు దాని వెనక నడిచింది. శిక్షణ ఉన్నవాళ్ళకే అలా జరిగితే, లేబుల్ చూసి, పక్కవాడి మాట విని మనకి వాసన రావడంలో వింతేముంది? అందుకే పక్కవాడి లిస్టు వినకముందు మనకేం వచ్చిందో మనసులో అనేసుకోవాలి.

ఆ రోజు నాకు వచ్చింది ఏంటంటే, పొగాకు బ్యారన్.

మా నాన్నగారి వైపు జంగారెడ్డిగూడెం ప్రాంతం. మా తాతయ్య వర్జీనియా పొగాకు వేసేవాడు. తెలియనివాళ్ళకి చెప్తా. పచ్చి ఆకుని కర్రలకి కట్టి బ్యారన్ లోపల వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే ఆ వేడి గొట్టాల ద్వారా లోపలికి వెళ్తుంది. పొగ ఆకుకి తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. కొన్ని రోజులకి ఆకుపచ్చ పోయి పసుపు రంగు తిరుగుతుంది. తలుపు తీసినప్పుడు వచ్చే వాసన సిగరెట్ వాసన కాదండీ. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎండుగడ్డి, తేనె, కిస్మిస్, కొంచెం తోలు, అన్నీ కలిసిన తియ్యటి వాసన. సెలవులకి వెళ్ళినప్పుడు తాతయ్య తుండుగుడ్డకి కూడా అదే వాసన. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. బ్యారన్ కూలగొట్టేశాం. ఆ వాసన మళ్ళీ చూస్తానని నేను అనుకోలేదు. మెడాక్‌లో, ముక్కూమొహం తెలియని ఇంట్లో, గ్లాసులో దొరికింది.

మావాడు నా మొహం చూసి, “ఏంట్రా, ఏమైంది?” అన్నాడు. తెలుగులో చెప్పా. వాడు అనువాదం చేశాడు. ఎవరూ నవ్వలేదు. మేనల్లుడు మళ్ళీ గ్లాసు ఎత్తి వాసన చూసి, అవును, పొగాకు ఉంది, నేను చెప్పడం మర్చిపోయా అన్నాడు. ఆవిడ మాత్రం బ్యారన్ గురించి అడగడం మొదలుపెట్టారు. ఎంత ఎత్తు, ఎన్ని కర్రలు, రాత్రిళ్ళు మంట ఎవరు చూస్తారు. తాతయ్య బ్యారన్ దగ్గరే మంచం వేసుకుని పడుకునేవాడని చెప్పా. “మా ఆయన కూడా వైన్ పులిసే రోజుల్లో అక్కడే పడుకునేవాడు” అన్నారు.

తర్వాత చదివితే తెలిసింది, పాత కాబెర్నే వైన్‌లకి పొగాకు, దేవదారు అనేవి పుస్తకాల్లో ఉన్న మాటలే. దానికి కారణం కూడా ఉంది. క్యారెట్‌కి రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబం పొగాకులోనూ ఉంటుంది, ద్రాక్షలోనూ ఉంటుంది. అవి విరిగినప్పుడు డామసెనోన్ లాంటి వాసన పదార్థాలు పుడతాయి. మగ్గిన పొగాకులో దొరికే వాటిలో కొన్ని వైన్‌లోనూ దొరుకుతాయి. అంటే నా ముక్కు కథలు అల్లలేదు.

ఇప్పుడు రుచి. ఇక్కడే డికాషన్ టీ సంగతి వస్తుంది.

రెడ్ వైన్ నోట్లో పెట్టగానే చిగుళ్ళు, నాలుక పొడిబారినట్టు, బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. దీనికి కారణం టానిన్. ద్రాక్ష తొక్కలో, గింజలో, పీపా చెక్కలో ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు దీన్ని చెప్పడానికి నానా తంటాలు పడతారు. మనకి ఒక్క మాట ఉంది: వగరు. ఉగాది పచ్చడిలో ఆరు రుచుల్లో ఒకటిగా చిన్నప్పటి నించీ తింటున్నాం. మామిడి పిందె వగరు, నేరేడు పండు వగరు, అరటి పువ్వు వగరు, కరక్కాయ వగరు. వీటిలో ఏ వగరు ఎలా ఉంటుందో మన నాలుకకి తేడా కూడా తెలుసు. వైన్ విషయంలో మనం వెనకబడిలేం, ముందే ఉన్నాం.

ఇంట్లో చేసి చూడండి. టీపొడి బాగా మరిగించి, పాలు, చక్కెర లేకుండా ఒక గుక్క తాగండి. నోరు పట్టేస్తుంది. అదే డికాషన్‌లో కొన్ని పాలు పోసి తాగండి. వగరు తగ్గిపోతుంది. టీలో కూడా టానిన్ లాంటివే ఉంటాయి. అవి మన లాలాజలంలోని ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, అందుకే నోరు జారుడు పోయి గరుకవుతుంది. పాలు పోస్తే పాలలోని ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, మన నోటిని వదిలేస్తాయి. రెడ్ వైన్ పక్కన మాంసమో, చీజో పెట్టడంలో కిటుకు కూడా చాలావరకు ఇదే. ఆవిడ ఆ రోజు గొర్రెపిల్ల మాంసం వండారు.

మరి పాలు పోయకుండా వగరు తగ్గే దారి ఇంకోటి ఏంటి? కాలం. సీసాలో ఏళ్ళ తరబడి టానిన్లు ఒకదానితో ఒకటి, ఎర్ర రంగు పదార్థాలతోనూ కలిసిపోతూ ఉంటాయి. కొన్ని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. ఆ మడ్డి అదే. అందుకే పాత వైన్ రంగూ పలచబడుతుంది, వగరూ మెత్తబడుతుంది. సాంతెస్తెఫ్ వైన్ కొత్తలో బాగా వగరు అని పేరు. మామిడి పిందె కొరికినట్టు ఉంటుంది. ఆ రోజు నేను తాగిందాంట్లో వగరు పోలేదు, ఉంది. కానీ బాగా మాగిన నేరేడు పండు చివర్లో ఉంటుంది చూడండి, అంత. మొదట పులుపు, మధ్యలో మెత్తటి తీపి లాంటిది, నిజానికి చక్కెర లేదు, చివర ఆ సన్నటి వగరు. మింగాక లెక్కపెట్టా. వాళ్ళు ఈ నిలిచే రుచిని సెకన్లలో లెక్కేస్తారు, ఒక సెకను ఒక కోదాలీ. నాకు పది దాటింది, తర్వాత లెక్క మర్చిపోయా.

కాబెర్నే ఏది, మెర్లో ఏది అని అడిగితే, నాకు విడిగా తెలియలేదు. కొత్త వైన్‌లో అయితే ఇదిగో మెర్లో మెత్తదనం, ఇదిగో కాబెర్నే బిగువు అని చెప్పొచ్చు అంటారు. 28 ఏళ్ళు ఒకే సీసాలో ఉన్నాక అవి విడిపోవడం మానేసినట్టున్నాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ వైన్ ఎక్కువసేపు నిలవలేదు. తెరిచిన గంటన్నరకి గ్లాసులో పండు వాసన పోయింది. పులుపు మాత్రం మిగిలింది. కొత్త వైన్‌ని కూజాలో గంటలు గంటలు ఉంచుతారు, గాలి తగిలితే అది తెరుచుకుంటుంది. పాతదానికి అంత ఓపిక ఉండదు. మడ్డి వేరుచేయడానికి మాత్రమే వంపి, వెంటనే కూర్చుని తాగేయాలి.

వచ్చేముందు నేను ఆవిడని అడిగా, ఆయన ఎంత ఓపికగా దాచుకున్నారండీ అని. ఆవిడ గట్టిగా నవ్వారు. మావాడు అనువాదం చేశాక నాకూ నవ్వొచ్చింది. ఆయన కొన్నది పన్నెండు సీసాలట. తొమ్మిది సీసాలు తొందరపడి కొత్తలోనే తాగేశాడట. ప్రతిసారీ ‘ఎంత వగరో’ అని తిట్టుకుంటూ తాగాడట. ఈ మూడూ పనిముట్ల పెట్టె వెనక్కి పోయి కనపడలేదు. ఆయన పోయాక గది సర్దుతుంటే దొరికాయి.

అంటే ఆ రుచి, అంత కష్టపడి ఆ తీగలు కత్తిరించిన మనిషికి, దొరకలేదు. దీన్ని పట్టుకుని ఓపిక గురించి నేను నీతి చెప్పదలుచుకోలేదు. మీకెలా అనిపిస్తే అలా తీసుకోండి.

చివరిగా, ఎప్పుడైనా మీకు పాత రెడ్ వైన్ ఎదురైతే పనికొచ్చే నాలుగు మాటలు.

పాతదైతే చాలు బాగుంటుంది అనేది తప్పు. ప్రపంచంలో అమ్మే వైన్‌లో చాలా ఎక్కువ భాగం కొద్ది ఏళ్ళలోపు తాగడానికే చేస్తారు. పెళ్ళిలో గిఫ్ట్ వచ్చిన మామూలు సీసాని షోకేసులో పదేళ్ళు పెట్టకండి. విజయవాడ ఎండాకాలం రెండు చూస్తే చాలు, దాని పని అయిపోతుంది. నిల్వకి 12 నించి 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కదలిక లేకుండా ఉండటం, మూత ఎండిపోకుండా సీసాని పడుకోబెట్టడం కావాలి. మన ఇళ్ళల్లో అది కుదరదు. కొన్నాక తాగేయడమే మేలు.

‘రూమ్ టెంపరేచర్‌లో తాగాలి’ అంటారు. ఆ రూము పాతకాలపు యూరప్ ఇల్లు, హైదరాబాద్ ఫ్లాట్ కాదు. 16 నించి 18 డిగ్రీలు. మన దగ్గర కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయాల్సిందే.

పాత వైన్ పక్కన కారం పెట్టకండి. గోంగూర మటన్, పాత బోర్డో ఒకే టేబుల్ మీద పెడితే గోంగూరే గెలుస్తుంది. వైన్ రుచి తెలియను కూడా తెలియదు.

ఇక అన్నిటికంటే ముఖ్యం, ముక్కుకి సాధన. దీనికి వైన్ అక్కర్లేదు. అమ్మ పోపుల డబ్బా తెరిచి, కళ్ళు మూసుకుని ఒక్కోటీ వాసన చూసి పేరు చెప్పండి. మెంతులు, జీలకర్ర, లవంగం. పెన్సిల్ చెక్కి వాసన చూడండి, వాళ్ళు దేవదారు అనేది దాదాపు అదే. మొదటి వాన పడ్డాక మట్టి, కొత్త పుస్తకం, బీరువాలో పట్టుచీర. ఇవన్నీ మీ లిస్టు. ఎవరైనా అడిగినప్పుడు ఆ లిస్టులోంచే చెప్పండి, నాలా మింగేయకండి.

మూడో సీసా ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. మొన్న మావాడు ఫోన్ చేసి చెప్పాడు. నేను మళ్ళీ వెళ్తేనే తెరుస్తారట. బాగుంటుందో, అట్టపెట్టె వాసనే వస్తుందో ఎవరికీ తెలియదు. ‘బ్యారన్’ అనే మాట మాత్రం ఆవిడ నేర్చుకున్నారు. ‘బాహోన్’ అంటున్నారట.

మీ చిన్నప్పటి వాసన ఒకటి, ఇప్పుడు ఎక్కడా దొరకనిది, కామెంట్లో రాయండి. తెలుగులోనే రాయండి. అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.